పసుపు మచ్చ పిచ్చుక

మా పల్నాడు చరిత్రలో పక్షి అంటే పందెంకోడే. నాగమ్మ కోడీ బ్రహ్మనాయుడి కోడీ కొట్టుకున్నాయి. ఓడినవాళ్ళు ఏడేళ్ళు వలస పోయారు. ఆ తర్వాత కారంపూడి దగ్గర నెత్తురు పారింది. ఈ కథ వినకుండా పెరిగిన పిల్లవాడు మా వైపు ఉండడు. ఏ మతం వాడైనా సరే, ఏ కులం వాడైనా సరే. కోడి తర్వాత మాకు తెలిసిన పక్షులు రెండే రకాలు. తినేవీ, తిననివీ.

మాది నడికుడి. ఇప్పుడు రైలు జంక్షన్‌గా నలుగురికీ తెలిసిన ఊరు. చుట్టూ సున్నపురాయి, నాపరాయి, మిరప చేలు, పత్తి చేలు. కాస్త ఇవతల దాచేపల్లి పక్కన నాగులేరు. అవతల పొందుగల, పొందుగల దాటితే కృష్ణ, కృష్ణ దాటితే వాడపల్లి. చిన్నప్పుడు ఉండేలు జేబులో పెట్టుకుని నాగులేటి గట్టంతా తిరిగేవాణ్ణి. ఒకరోజు ఒక పిట్టని కొట్టి, గర్వంగా తోక పట్టుకుని ఇంటికి తెచ్చాను. మా నానీ వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుతోంది. పిట్ట వంక చూసి ఒకటే అడిగింది. "హలాల్ చేశావురా?" చేయలేదు. రాయి తగిలినప్పుడే చచ్చిపోయింది. "అయితే అవతల పారెయ్" అంది. పారేశాను. అది ఏ పిట్టో నానీ అడగలేదు, నేనూ అడగలేదు. ఇవాళ్టికీ నాకు తెలియదు.

అదే ఏడాదో ఆ మరుసటేడాదో బడిలో ఒక మాస్టారు పక్షుల పాఠం చెబుతూ నా వైపు చూసి, "పిట్టల సంగతి మీవాళ్ళకి బాగా తెలుస్తుంది కదరా, పలావులోకి ఏది బాగుంటుందో!" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా ఎక్కువ నవ్వుతారని తెలుసు. ఆయన చెడ్డవాడేం కాదు, నాకు లెక్కల్లో మార్కులు బాగానే వేశాడు. ఆ మాట మాత్రం ముల్లులా మిగిలిపోయింది. ఎందుకంటే, ఈ దేశంలో పక్షుల గురించి అందరికంటే ఎక్కువ తెలిసినవాడు అప్పటికి బొంబాయిలో బతికే ఉన్నాడు. ఆయన పేరు సలీం అలీ. ఆ సంగతి ఆ మాస్టారికి తెలియదు, నాకూ తెలియదు, మా పాఠ్యపుస్తకానికీ తెలియదు. మా పుస్తకాల్లో ముసల్మాను అంటే గుర్రమెక్కి వచ్చినవాడు, లేకపోతే సమాధి కట్టించినవాడు. కాన్వాసు బూట్లేసుకుని, మెళ్ళో దుర్భిణీ తగిలించుకుని, బురదలో నడుస్తూ కొంగల్ని లెక్కబెట్టే ముసల్మాను మాకు ఎక్కడా కనిపించలేదు.

1987లో ఆయన చనిపోయాక ఆయన గురించి చదవడం మొదలుపెట్టాను. ఆత్మకథ దొరికింది. 'ది ఫాల్ ఆఫ్ ఎ స్పారో' దాని పేరు, 1985లో అచ్చయింది. అందులో మొదట్లోనే ఒక సంగతి చదివి పుస్తకం మూసేసి కాసేపు కూర్చుండిపోయాను.

సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో సులేమానీ బోహ్రా కుటుంబంలో పుట్టాడు. తొమ్మిదిమంది పిల్లల్లో ఆఖరివాడు. ఏడాది నిండేసరికి తండ్రి పోయాడు, మూడేళ్ళకి తల్లి పోయింది. మేనమామ అమీరుద్దీన్ తయబ్జీ, పిల్లలు లేని అత్త హమీదా బేగం పెంచారు. పదేళ్ళ వయసప్పుడు బొమ్మ తుపాకీలాంటి గాలితుపాకీతో పిచ్చుకల్ని కొడుతూ ఉండేవాడు. ఒకరోజు కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది, కూర మరక పడ్డట్టు. ఇలాంటి పిచ్చుకని ముసల్మాను తినొచ్చా కూడదా అని కుర్రవాడికి అనుమానం వచ్చింది. మామ దగ్గరికి తీసుకుపోయాడు.

మా నానీ నన్ను అడిగిన చోటే ఆయన కథా మొదలయింది! తేడా ఒక్కటే. మా ఇంట్లో పిట్ట పెంటమీదికి పోయింది. వాళ్ళింట్లో అది బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీకి పోయింది. అది ఏ పిచ్చుకో ఆ మామకీ తెలియదు. కానీ ఆయన ఆ సొసైటీలో సభ్యుడు. ఉత్తరం రాసిచ్చి కుర్రవాణ్ణి కార్యదర్శి మిల్లర్డ్ దగ్గరికి పంపాడు. బిక్కుబిక్కుమంటూ వెళ్ళిన పిల్లవాడికి ఆ తెల్లదొర అది పసుపు గొంతు పిచ్చుక అని చెప్పాడు. అంతటితో వదలక, బీరువాల సొరుగులు లాగి భద్రపరచిన పక్షుల్ని వరసగా చూపించాడు. చదువుకోమని పుస్తకాలిచ్చాడు. పిట్ట చర్మం వొలిచి పాడవకుండా దాచడం అక్కడే నేర్పించారు. "తినొచ్చా?" అనే ప్రశ్న ఆ గదిలో "ఇది ఏది?" అనే ప్రశ్నగా మారింది. ఆ తర్వాత ఎనభై ఏళ్ళూ ఆయన ఆ రెండో ప్రశ్నే అడుగుతూ బతికాడు.

ఇక్కడ మనం నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆయన పింజారి ఇంట్లోనో, రాళ్ళు కొట్టేవాడి ఇంట్లోనో పుట్టలేదు. తయబ్జీలంటే బొంబాయిలో పెద్ద కుటుంబం. 1887లో కాంగ్రెసు మహాసభకి అధ్యక్షత వహించిన బద్రుద్దీన్ తయబ్జీ వాళ్ళ మనిషే. గాంధీగారి వెంట నడిచిన అబ్బాస్ తయబ్జీ ఆయనకు మామ వరస. మన ఊళ్ళలో ఉండేలు పట్టుకు తిరిగే పిల్లవాడికి ఉత్తరం రాసిచ్చే మామ లేడు. సొరుగు తెరిచే మిల్లర్డూ లేడు. ఈ తేడా మతం తేడా కాదు. ముస్లింలందరూ ఒకటేనని మనల్ని తిట్టేవాళ్ళూ అంటారు, మనల్ని పొగిడేవాళ్ళూ అంటారు. ఒకటి కాదు.

అలాగని ఆయనకు అన్నీ వడ్డించిన విస్తరిలా దొరకలేదు. చదువు సరిగా సాగలేదు. కాలేజీ మధ్యలో వదిలేసి 1914లో కుటుంబం గనుల వ్యాపారం చూడ్డానికి బర్మాలోని టవాయ్ వెళ్ళాడు. అక్కడ గనులకంటే అడవే ఎక్కువ చూశాడు. 1917లో తిరిగొచ్చాడు. 1918లో తెహ్మీనా బేగంతో నికా అయింది. జువలాజికల్ సర్వేలో పక్షిశాస్త్రవేత్త ఉద్యోగం ఖాళీ ఉంటే, యూనివర్సిటీ డిగ్రీ లేదని ఇవ్వలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో చూడవచ్చినవాళ్ళకి వివరించే ఉద్యోగం దొరికింది. సెలవు పెట్టి బెర్లిన్ వెళ్ళి స్ట్రెసెమాన్ అనే గొప్ప శాస్త్రవేత్త దగ్గర పని నేర్చుకున్నాడు. ఆ జర్మను గురువునే జీవితాంతం తలుచుకున్నాడు. 1930లో తిరిగొచ్చేసరికి డబ్బుల్లేవని ఆ ఉద్యోగం కాస్తా తీసేశారు.

ముప్పై నాలుగేళ్ళ మనిషి, పెళ్ళయినవాడు, చేతిలో పని లేదు. బొంబాయికి సముద్రం అవతల కిహిమ్ అనే పల్లెలో కాపురం పెట్టారు. ఇంటి దగ్గర చెట్టుకి గిజిగాడు గూళ్ళు వేలాడుతున్నాయి. ఇంకొకడైతే తల పట్టుకు కూర్చునేవాడు. ఈయన ఆ గూళ్ళకి ఎదురుగా దాక్కుని రోజుల తరబడి చూస్తూ కూర్చున్నాడు.

గిజిగాడు మనకి కొత్త కాదు. ఈ పల్నాడులోనే వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా గిజిగాడి మీద పద్యాలు రాశాడు. అవి బడిలో చదువుకున్నాం. ఆ గూడు అల్లిక చూసి కవి ఆశ్చర్యపోయాడు. సలీం అలీ కూడా ఆశ్చర్యపోయాడు కానీ అక్కడ ఆగలేదు. ఎవరు అల్లుతున్నారు, ఎప్పుడు, ఎన్ని, ఎవరి కోసం అని రాసుకున్నాడు. తేలిందేమిటంటే, గూడు అల్లేది మగపిట్ట. సగం అల్లి ఆపుతుంది. ఆడపిట్టలు వచ్చి, లోపల దూరి, అటూ ఇటూ లాగి చూస్తాయి. నచ్చితే ఉంటాయి, నచ్చకపోతే పోతాయి. ఒకటి ఒప్పుకుని దిగాక మగది ఆ గూడు పూర్తిచేసి, పక్కనే ఇంకోటి మొదలుపెడుతుంది. దానికి ఇంకో ఆడపిట్ట. అప్పటిదాకా ఈ పద్ధతి ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. 1931లో సొసైటీ పత్రికలో అచ్చయిన ఆ వ్యాసంతో లోకంలో ఆయనకి పేరొచ్చింది.

ఈ సంగతి ఒక మిత్రుడికి చెబితే, "అంటే మీవాళ్ళలాగే నన్నమాట, నలుగురు!" అన్నాడు. అభ్యుదయవాదే. నవ్వులాటకే అన్నాడు. బడిలోలాగే నేనూ నవ్వేశాను. తర్వాత ఆలోచిస్తే ఒకటి అనిపించింది. మనకి పక్షి గురించి చెప్పినా, గూడు గురించి చెప్పినా, చివరికి మన గురించే మాట్లాడతారు. సలీం అలీ గొప్పతనం అక్కడే ఉంది. ఆయన పిట్ట గురించి చెప్పమంటే పిట్ట గురించే చెప్పాడు. దాన్ని మనిషి నీతికి ఉపమానం చెయ్యలేదు. ఎంచుకునేది ఆడపిట్ట అన్న ముక్క మాత్రం ఆ మిత్రుడు వినిపించుకోలేదు!

ఇప్పుడు మా నది దగ్గరికి రావాలి. ఆ రోజుల్లో కృష్ణకి ఇటు మా పల్నాడు మద్రాసు ప్రెసిడెన్సీ, తెల్లవాడి రాజ్యం. అటు వాడపల్లి నిజాం రాజ్యం. ఇటువైపు తూర్పుకనుమల పక్షుల లెక్క వెర్నే అనే సంపన్నుడి డబ్బుతో ఆ కాలంలోనే జరిగింది. అటువైపు హైదరాబాదు సంస్థానంలో పక్షుల లెక్క తీసినవాడే లేడు. సొసైటీ దగ్గర డబ్బు లేదు. అప్పుడు ఉద్యోగం పోయిన సలీం అలీ ఒక మాట అన్నాడు. నాకు జీతం వద్దు, దారి ఖర్చులు, గుడారాల ఖర్చులు నిజాం ప్రభుత్వం పెట్టుకుంటే చాలు, నేను చేస్తాను అని. ఒప్పుకున్నారు. అలా 1931, 32లలో హైదరాబాదు స్టేట్ ఆర్నిథలాజికల్ సర్వే జరిగింది. ఆయన మొదటి పెద్ద పని అది. అది మన తెలుగు నేల మీద జరిగింది.

నిజాం పాలన సంగతి మనకి తెలియంది కాదు. వెట్టి, దొరతనం, రజాకార్లు, అన్నీ తెలుసు. ముస్లిం రాజు కాబట్టి మనవాడు అనుకునే పొరపాటు నేను చెయ్యను. పక్షుల సర్వేకి కొంచెం డబ్బిచ్చినందుకు దాన్ని కప్పిపుచ్చనూ అక్కర్లేదు. నాకు ముఖ్యం రాజు కాదు. ఎడ్లబండి మీద గుడారం వేసుకుని, భార్యతో కలిసి అడవి దారి పట్టిన ఆ జీతంలేని మనిషి. నల్లమలలో అమ్రాబాద్ పీఠభూమి మీద మన్ననూరు, ఫర్హాబాదుల్లో మకాం వేశాడు. అది చెంచుల అడవి. అక్కణ్ణించి సంస్థానమంతా తిరిగాడు. పొద్దున్నే లేచి పిట్టల్ని సేకరించడం, మధ్యాహ్నం చర్మాలు వొలిచి చీటీలు కట్టడం, రాత్రి లాంతరు వెలుగులో రాసుకోవడం. తెహ్మీనా బేగం ఇంగ్లండులో చదువుకున్న మనిషి. ఆవిడ పర్దా వెనక కూర్చోలేదు. గుడారం బాగోగులు చూసింది, ఆయన రాసే ఇంగ్లీషుని చక్కదిద్దింది. 1939లో ఒక చిన్న ఆపరేషన్ తర్వాత చనిపోయింది. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. నలుగురు అన్న మిత్రుడికి ఈ ముక్క కూడా చెప్పాలి.

ఆ సర్వే ఫలితాలు 1933, 34లలో పత్రికలో వరసగా అచ్చయ్యాయి. దాని వెనకే తిరువాన్కూరు, కొచ్చిన్ సర్వేలు వచ్చాయి, తర్వాత మరికొన్ని సంస్థానాలు. ఆ పాటికి పక్షుల శాస్త్రమంతా తెల్లదొరల చేతుల్లో ఉంది. కొట్టి తెచ్చేవాడు, చర్మం వొలిచేవాడు ఇండియన్. పేరు పెట్టేవాడు, పేరు పొందేవాడు దొర. విస్లర్ అనే పెద్ద పక్షివేత్త రాతలో తప్పుందని సలీం అలీ చూపిస్తే, ఎవరీ పేరూ ఊరూ లేని ఇండియన్ అని ఆయన మండిపడి ఉత్తరాలు రాశాడు. మళ్ళీ నమూనాలు తీసి చూసుకుని, తప్పు తనదే అని ఒప్పుకుని, ప్రాణస్నేహితుడయ్యాడు. హైదరాబాదు సర్వే నమూనాలకి వివరణలు రాసింది ఆ విస్లరే. కల్నల్ మైనెర్ట్జ్‌హాగెన్ అని ఇంకొకడు ఉన్నాడు. 1937లో అఫ్ఘనిస్తానులో ఈయనతో కలిసి తిరిగి, స్వరాజ్యం కావాలనే ఈ చదువుకున్న ఇండియన్ని వెక్కిరిస్తూ డైరీలో రాసుకున్నాడు. సలీం అలీ ఆ రాతని తీసి తన ఆత్మకథలో తనే అచ్చేసుకున్నాడు. ఆ కల్నల్ మ్యూజియంల నుంచి దొంగిలించిన పిట్టలకి దొంగ చీటీలు కట్టాడని తర్వాత బయటపడింది. సలీం అలీ చీటీలు మాత్రం ఇవాళ్టికీ పనికొస్తున్నాయి.

1941లో 'ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్' వచ్చింది. మామూలు మనిషి చేతిలో పెట్టుకుని పిట్టని గుర్తుపట్టే పుస్తకం. అదే 1941లో మన జాషువా 'గబ్బిలం' వచ్చింది. గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపాడు. ఒకరి పని ఒకరికి తెలిసి ఉండదు. కానీ నాకు ఆ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకోవాలని ఉంటుంది. ఇంకో చిత్రం చెప్పనా? 1948లో మదురై జిల్లా కొండల్లో దొరికిన ఒక గబ్బిలాన్ని పొరపాటుగా మరో జాతి అనుకుని దాచిపెట్టారు. 1972లో అది కొత్త జాతి అని తేలింది. దానికి సలీం అలీ పేరు పెట్టారు.

1947లో దేశం రెండయింది. చాలామంది వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళలేదు. తెల్లవాళ్ళు పోయాక సొసైటీ కూలిపోయేలా ఉంటే, నెహ్రూ సాయం సంపాదించి నిలబెట్టాడు. భరత్‌పూర్ చిత్తడి నేలని కాపాడడంలో ఆయన చెయ్యి ఉంది. అమెరికా పక్షివేత్త డిల్లన్ రిప్లేతో కలిసి ఈ ఉపఖండం పక్షులన్నిటి మీదా పది సంపుటాలు రాశాడు. 1968లో మొదలై 1974కి పూర్తయ్యాయి. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్, 1985లో రాజ్యసభ. ఆయన పోయాక 1990లో కోయంబత్తూరులో ఆయన పేరుతో పక్షిశాస్త్ర కేంద్రం పెట్టారు.

అనుమానమూ ఎదుర్కొన్నాడు. వలస పక్షుల కాళ్ళకి ఉంగరాలు వేసి, అవి ఎక్కణ్ణించి వస్తున్నాయో, వాటితో జబ్బులేమైనా వస్తున్నాయో చూసే పనికి మొదట ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయం చేసింది. తర్వాత అమెరికా సైన్యం వైద్య పరిశోధన విభాగం డబ్బు వచ్చింది. ఇది రోగక్రిముల యుద్ధానికి తయారీ కాదా అని పత్రికల్లో, పార్లమెంటులో గొడవైంది. ముసల్మాను కాబట్టి అనుమానించారని నేను అనను. డబ్బు ఎవరిదని అడగడం న్యాయమైన ప్రశ్నే. అన్ని దెబ్బలకీ మతం పేరు పెడితే, నిజంగా మతం పేరుతో తగిలిన దెబ్బని ఎవరూ నమ్మరు.

ఇప్పుడు మనకి ఇంకో ప్రమాదం వచ్చింది. కొందరు పెద్దమనుషులు సలీం అలీ పేరు, బిస్మిల్లాఖాన్ పేరు, అబ్దుల్ కలాం పేరు వరసగా చెప్పి, 'మంచి ముస్లింలంటే వీళ్ళు' అంటారు. అంటే మిగతావాళ్ళం పరీక్ష తప్పినవాళ్ళం. అటు మనలో కొందరు ఆయన నమాజు చదివేవాడు కాదట కదా, మనవాడెలా అవుతాడు అంటారు. నిజమే. పెద్దవాళ్ళ భక్తి నటన చూసి మనసు విరిగిందని ఆయనే రాసుకున్నాడు. ఈ రెండు గుంపులూ ఒకటే అడుగుతున్నాయి, ఇతను హలాలా కాదా అని. ఆ పసుపు మచ్చ పిచ్చుకని అడిగినట్టే ఆయన్నీ అడుగుతున్నాయి. ఆయన ఎవరో, ఏం చేశాడో చూద్దామని మాత్రం ఎవరికీ లేదు.

నాకు ఆయన మనవాడు. ఆయన పేరు చూసి కాదు. కలివికోడి కథ తెలిశాక అలా అనిపించింది.

కలివికోడి రాయలసీమ ముళ్ళపొదల్లో రాత్రిపూట తిరిగే పక్షి. 1848లో జెర్డన్ అనే మద్రాసు సైన్యం డాక్టరు దాన్ని శాస్త్రానికి పరిచయం చేశాడు. 1900లో అనంతపురం దగ్గర చూశామన్నారు. ఆ తర్వాత లేదు. అంతరించిపోయిందని రాసేసుకున్నారు. శాస్త్రవేత్తలు వెతికి వెతికి వదిలేశారు. సలీం అలీ సొసైటీ మాత్రం బొమ్మ గీయించి సిద్ధవటం చుట్టుపక్కల ఊళ్ళలో చూపిస్తూ పిట్టలు పట్టేవాళ్ళని అడిగించింది. ఇది మాకు తెలుసు అన్నాడు ఒక వేటగాడు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర పట్టి తెచ్చాడు. ఎనభై ఆరేళ్ళుగా లోకానికి లేని పక్షి! ఆ వార్త వినడానికి సలీం అలీ ఎనభై తొమ్మిదేళ్ళ వయసులో బతికే ఉన్నాడు. 1988లో అక్కడ లంకమల్లేశ్వర అభయారణ్యం పెట్టారు. తర్వాత తెలుగుగంగ కాలువ దాని పొదల్లోంచి పోబోతే పక్కకి మళ్ళించాల్సి వచ్చింది. ఆ పక్షి ఉందని ఎవరికీ తెలియదని ఇన్నాళ్ళూ రాశారే, కలివిపొదల పక్కన బతికేవాళ్ళకి తెలుసు. పేరు కూడా పెట్టుకున్నారు. వాళ్ళని అడిగినవాళ్ళు లేరు.

మా నడికుడి చుట్టూ కూడా కౌజులు, పూరేళ్ళు పట్టి అమ్ముకునే పిట్టలోళ్ళు తిరిగేవాళ్ళు. మా నానీ వాళ్ళ దగ్గర బేరం చేసేది, హలాల్ చెయ్యించేది, వండేది. ఏ పిట్ట ఏ నెలలో వస్తుందో, ఎక్కడ గుడ్లు పెడుతుందో వాళ్ళకి నోటికి వచ్చు. ఆ మాస్టారు వెక్కిరించినా, అందులో ఒక నిజం ఉంది. పలావులోకి ఏది బాగుంటుందో తెలిసినవాడికి ఆ పిట్ట గురించి ఇంకా చాలా తెలుసు. సలీం అలీకి కూడా తెలుసు. ఆయన అక్కడే ఆగిపోలేదు, అంతే.

2022లో మాది పల్నాడు జిల్లా అయింది. మిరప చేలల్లో మందు కొట్టుడు ఎక్కువై పిచ్చుకలు తగ్గాయని ముసలివాళ్ళు అంటారు. ఎన్ని ఉండేవో, ఎన్ని తగ్గాయో రాసిపెట్టినవాడు మా ఊళ్ళో లేడు. మసీదు పక్కన పిల్లలు చదువుకునే గదిలో ఒక బీరువా ఉంది. మొన్న అందులో తెలుగులో ఉన్న ఒక పక్షుల పుస్తకం పెట్టి వచ్చాను. ఒక కుర్రవాడు బొమ్మలు తిప్పుతూ ఒకచోట ఆగి, "సాబ్, ఇది మా ఇంటెనక తుమ్మచెట్టు మీద ఉంటది. దీన్ని తినొచ్చా?" అన్నాడు.

తినే సంగతి తర్వాత చూద్దాం, ముందు దాని పేరు చదువు అన్నాను. కూడబలుక్కుంటూ చదివాడు.